దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు పూటలు

పట్నం చూడాలన్న ఆశ నాకు ఏనాడూ లేదు. ఆ ఆశ మా మనవరాలు శ్రావణిది, దాని ఇద్దరు స్నేహితురాళ్లది. ముగ్గురూ నల్లగొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నారు. తక్కువ ఖర్చులో రెండు రోజులు హైదరాబాద్ చూసి వస్తామని నెల రోజులుగా ఫోన్లలో తలలు దూర్చి ఏవేవో లెక్కలు వేశారు. నేను వెంట వెళ్లింది కాపలాకని వాళ్లనుకున్నారు. అది సగమే నిజం.

అసలు సంగతి వేరు. శ్రావణికి ఎస్సై పరీక్ష రాయాలని ఉంది. డిగ్రీ కాగానే దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకోవాలట. మా బర్రె ఒకసారి తోక విసిరితే కళ్లు తుడుచుకుంటూ గంటసేపు కూర్చున్న పిల్ల, రేపు దొంగలను పట్టుకుంటుందట! దాని తండ్రి, అంటే నా కొడుకు సత్తయ్య, చిట్యాల పాల కేంద్రంలో దానికి కంప్యూటర్ పని ఒకటి మాట్లాడి పెట్టాడు. ఇంటిపట్టునే ఉంటుంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఇటు బిడ్డ అన్నం మానేసింది, అటు పాల కేంద్రం వాళ్లు జవాబు అడుగుతున్నారు. ఏమీ తేల్చుకోలేక వాడు నా మీదికి తోశాడు. "నువ్వు పోయి చూసి రా అమ్మా. నువ్వు ఊఁ అంటే పంపుత. ఊహూఁ అంటే పాల కేంద్రమే" అన్నాడు.

మాకు బర్రెలున్నాయి. వాటిని కొనే బేరమంతా నాది. అమ్మేవాడు ఏం చేస్తాడంటే, ముందు పూట పాలు పిండకుండా ఆపి, పొదుగు నిండుగా కనిపించేటట్టు చేసి, మన కళ్ల ముందు పిండుతాడు. చెంబు పొంగిందని మురిసి డబ్బులిచ్చి తోలుకొస్తే, ఇంటికొచ్చాక సగం చెంబే. అందుకని నేను అమ్మేవాళ్ల ఊళ్లోనే ఉండి వరసగా మూడు పూటలు పిండించి చూస్తాను. నచ్చకపోతే రెండో పూటకే లేచి వచ్చేస్తాను. మూడో పూట దాకా కూర్చున్నానంటే కొన్నట్టేనని మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. శ్రావణి ఆరో తరగతి నుంచీ నా వెంట వచ్చి టార్చిలైటు పట్టుకునేది. కొడుకు నన్నే ఎందుకు పంపాడో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మా ఊరి పిల్లలు ఇంకా కొందరు ఎండాకాలం సెలవుల్లో ఇట్లాగే వెళ్తామంటున్నారు. ఏది ఎట్లా ఉంటుందో చెప్పమని వాళ్ల తల్లులు నన్ను అడుగుతున్నారు. నేను చదివింది మూడో తరగతి దాకానే అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శివరాత్రి వెళ్లాక వచ్చిన రెండో శనివారం పొద్దున్న ఆరున్నరకు చిట్యాలలో రోడ్డు మీద నిలబడ్డాం. నా చేతిలో సద్దిమూట: జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, పులిహోర, వేయించిన పల్లీలు. మౌనిక అనే పిల్ల దానివైపు చచ్చిన ఎలుకను చూసినట్టు చూసింది. ఈ మౌనికకు ప్రపంచమంతా ఫోన్లోనే ఉంటుంది. రెండో పిల్ల రేణుక ఆకలైతే తప్ప నోరు విప్పదు.

"అవ్వా, పట్నంల గీ మూట చూస్తే అందరు నవ్వుతరు" అంది మౌనిక.

"నవ్వితే వాళ్ల పండ్లే కనవడ్తయి. మనకేం పోయింది?" అన్నాను.

మా దగ్గర ఆడవాళ్లకు సర్కారు బస్సులో టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడతారు. వీళ్ల చవక ప్రయాణానికి పునాది అదే. కానీ మౌనిక వచ్చిన మొదటి బస్సుకే చెయ్యెత్తి, అది పూర్తిగా ఆగకముందే మెట్టెక్కింది. మేమంతా ఎక్కాక కండక్టర్ నెమ్మదిగా చెప్పాడు. "ఇది విజయవాడ నుంచి వచ్చే ఆంధ్రా బస్సమ్మా. మీ జీరో టికెట్ ఇక్కడ చెల్లదు. టికెట్ తీసుకుంటానంటే కూర్చోండి." మళ్లీ మూటతో సహా దిగాం. ఎక్కేముందు బస్సు ఎవరిదో బోర్డు చదవండి. మా ముగ్గురు డిగ్రీ పిల్లలకు అది తోచలేదు.

తర్వాతి బస్సు మనదే. కండక్టరమ్మ వచ్చి "ఎంతమంది అవ్వా?" అంది. "నలుగురం" అన్నాను. రేణుక ఫోన్లో ఆధార్ ఫొటో చూపించింది.

"ఫోన్ల ఫొటో నడ్వదు బిడ్డా. అసలు కార్డు తియ్."

కార్డు సంచి అడుగున ఉంది. చౌటుప్పల్ వచ్చేదాకా రేణుక బట్టలన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. పక్క సీటు ముసలాయన మొహం తిప్పుకున్నాడు, పాపం మంచివాడు.

చౌటుప్పల్‌లో ఒకామె బియ్యం సంచి, పచ్చడి డబ్బా పట్టుకుని ఎక్కి నా పక్కన కూలబడింది. కొడుకు కొత్తపేటలో రూము కిరాయికి తీసుకుని చదువుతున్నాడట.

"పట్నంల బియ్యం దొరకయా అని అడుగుతరు. దొరుకుతయి, కొనాలె గదా!" అంది.

"ఏం చదువుతుండు?"

"అన్ని పరీక్షలు రాస్తడు. మూడేండ్లాయె. ఇంకొక్క నోటిఫికేషన్ అమ్మా అంటడు. నేను గూడ ఇంకొక్క సంచి బియ్యం అనుకుంట మోస్తున్న."

నేను శ్రావణి వైపు చూశాను. ఆ మాట దానికి వినబడింది. అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నచ్చని బర్రె తాడు వదిలేసినట్టు అక్కడే వదిలేసి తిరిగి వచ్చేద్దామనిపించింది.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఊరు మొదలవుతుంది. మొదలవడమంటే, ఇళ్ల కంటే ముందు గేట్లు కట్టారు. సింహాల బొమ్మలు పెట్టి, రంగులేసి, ఇంత ఎత్తు గేటు. లోపల చూస్తే తుమ్మచెట్లు, ఒక కుక్క. ఆ తుమ్మచెట్టు కింది జాగా ఎంతో తెలుసా అంటూ ముందు సీటు మనిషి ధర చెప్పబోయాడు. వద్దన్నాను. పొద్దున్నే అంత పెద్ద మాట వినలేను.

ఎనిమిదిన్నరకు ఎల్‌బీ నగర్. అక్కడ రోడ్డు మీద రోడ్డు, దాని మీద మరో రోడ్డు కట్టారు. అన్నిటి మీదా బండ్లు ఆగే ఉన్నాయి. దిగీ దిగగానే ఒక బస్సు మనిషి నా మూట పట్టుకుని లాగాడు. "పెద్దమ్మా, సూర్యాపేటనా? ఖమ్మమా? రా రా, సీటున్నది!"

"ఇప్పుడే దిగిన గదరా, మల్ల పంపుతవా?" అన్నాను. వాడు నవ్వి మూట వదిలి ఇంకొకరి పెట్టె పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పాలి. మేం దిగిన బస్సు దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే పోతుంది, టికెట్ లేకుండానే. కానీ ఈ పిల్లలు ఎల్‌బీ నగర్‌లో ఎందుకు దిగారంటే, అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు మెట్రో రైలెక్కాలట! ఊరికే వచ్చేదాన్ని వదిలి కొనుక్కుని ఎక్కడాన్ని చవక ప్రయాణం అంటారని నాకు ఆరోజే తెలిసింది. టికెట్ ఫోన్లో వచ్చింది. నా సద్దిమూటను ఒక పెట్టెలోకి పంపి టీవీలో చూశారు. రొట్టెలు ఎట్లా కనిపించాయో ఏమో, అక్కడ కూర్చున్న పోలీసు పిల్ల నవ్వింది. రైలు చల్లగా ఉంది. కిటికీ తెరుచుకోదు. కూర్చుని ఒళ్లు సర్దుకునేలోపే దిగమన్నారు. మౌనిక మాత్రం దిగేదాకా తన ఫొటోలు తాను తీసుకుంది. ఊరేమో వెనక్కి పోతోంది, దాని వీపు వెనకాల.

హాస్టల్ దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్‌రోడ్డు దాటి ఒక గల్లీలో ఉంది. ఆ గల్లీలో ఇళ్లు తక్కువ, బోర్డులు ఎక్కువ. లేడీస్ హాస్టల్, జెంట్స్ హాస్టల్, జిరాక్స్, కోచింగ్, మళ్లీ హాస్టల్. గోడ కనిపిస్తే ఏదో ఒక ఉద్యోగం పేరు రాసి పెట్టారు. ఖాళీ మంచాలుంటే రోజు కిరాయికి ఇస్తారు. మనిషికి రెండు వందల యాభై, రెండు పూటల తిండి కలిపి. నడిపే ఆమె తెనాలి వైపు మనిషి. భర్త పోయాక పిల్లలతో వచ్చి ఇక్కడే స్థిరపడిందట. గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆమెను తప్పించుకుని పిల్లి కూడా లోపలికి పోలేదు.

"ఏంటండీ మామ్మగారూ, మీరు కూడా పరీక్షకి ప్రిపేర్ అవుతున్నారా?" అంది నన్ను చూసి.

"నీ హాస్టల్‌కు పరీక్ష పెట్టనీకొచ్చిన" అన్నాను.

గదిలో నాలుగు మంచాలు. మధ్యలో నడవాలంటే ఒకరు లేస్తేనే ఇంకొకరు. తలగడ దులిపితే దుమ్ము లేచింది. కిటికీ తెరిస్తే పక్క హాస్టల్ గోడ చేతికి తగిలింది. మంచానికి ఇంత అని నెలనెలా తీసుకుంటారట. మా బర్రెల కొట్టంలో గాలి ఇంతకంటే బాగా వస్తుంది, బర్రెలు కిరాయి కూడా కట్టవు. ఆ మాటే శ్రావణితో అన్నాను. అది మూటలు సర్దుకుంటూ పోయింది.

రొట్టెలు తిని పదకొండుకు బయటపడ్డాం. మౌనిక ప్లాను ఏమిటంటే, ఎండవేళ ఎక్కడైనా చల్లగా కూర్చోవాలి, డబ్బులు పెట్టకూడదు. దానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మార్గముంది. కోచింగ్ వాళ్లు ఉచితంగా డెమో క్లాసులు పెడతారు. వెళ్లి కూర్చుంటే ఏసీ, గుడ్డసంచి, నీళ్లసీసా, సమోసా. జిల్లాల నుంచి పట్నం చూడటానికి వచ్చిన పిల్లలు చాలామంది మధ్యాహ్నాలు ఇట్లాగే గడుపుతారట. మౌనిక తెలివికి ఇది పరాకాష్ఠ.

పేరెందుకు గానీ, పెద్ద కోచింగే. అద్దాల మేడ. నన్ను గార్డియన్ అని లోపలికి రానిచ్చారు. హాల్లో పెళ్లికి వచ్చినంత మంది. కోటు వేసుకున్న సార్ ఒకాయన వచ్చి జోకులేశాడు, పాట పాడాడు, పెద్ద లెక్కను చిటికెలో చేసి చూపించాడు. పిల్లలంతా చప్పట్లు. మౌనిక కళ్లలో నీళ్లు తిరిగాయి. రేణుక రెండో సమోసా అడిగి తీసుకుంది. చల్లగాలికి నాకు కూడా కునుకు పట్టింది. అబద్ధమెందుకు, ఆ రెండు రోజుల్లో నేను సుఖంగా కూర్చున్న చోటు అదొక్కటే.

తర్వాత ఒక్కొక్కరిని చిన్న గదిలోకి పిలిచారు. మేం నలుగురం కలిసే వెళ్లాం. నల్లకోటు వేసుకున్న మేడమ్ కాగితం ముందుకు జరిపింది. "ఈరోజే జాయిన్ అయితే ఆఫర్ ఉందమ్మా. రేపటికి సీట్లుంటాయని చెప్పలేను."

మౌనిక అప్పటికే ఫోన్ తీసి వాళ్లన్నకు కలిపింది. "అన్నా, జర అడ్వాన్సు పంపు, సీటు పోతది" అంటోంది. శ్రావణి దాని చేతిలోంచి ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మేడం, ఇప్పుడు పైన నడిచే క్లాసుల మమ్ముల కూసోనిస్తరా?"

"అది రెగ్యులర్ బ్యాచ్ అమ్మా. బయటివాళ్లని పంపరు."

"ఇందాక చెప్పిన సారే రోజు చెప్తడా?"

"ఫ్యాకల్టీ మారుతూ ఉంటారు."

"ఒక్క క్లాసుల ఎంతమంది ఉంటరు?"

"స్క్రీన్లున్నాయి కదమ్మా. వెనకవాళ్లకి కూడా బాగా కనిపిస్తుంది."

శ్రావణి గుడ్డసంచి, నీళ్లసీసా తిరిగి బల్ల మీద పెట్టింది. "ఒక్క పూట పాలు చూసి బర్రెను కొంటే మా నాయనమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది మేడం" అని లేచింది.

మేడమ్‌కు ఏమీ అర్థం కాలేదు. నావైపు చూసింది. "నన్నెందుకు చూస్తవ్ బిడ్డా, నేను సదువుకోలే" అని నేనూ లేచాను.

బయటికొచ్చాక మౌనిక రోడ్డు మీదే గొడవ పెట్టుకుంది. "నీకిష్టం లేకుంటే నువ్వు ఊకో. నా సీటెందుకు చెడగొట్టినవ్? సంచి గూడ ఇచ్చేస్తివి!"

"గా సంచికే నువ్వు సంతకం పెట్టేటట్టున్నవ్" అంది శ్రావణి.

నేను మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే పిల్లలు పాడవుతారు. టార్చిలైటు పట్టుకుని నిద్రమొహంతో నిలబడే పిల్ల ఇదంతా చూస్తోందని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు.

మధ్యాహ్నం ఫుట్‌పాత్ మీద బట్టల దుకాణాలు తిరిగారు. వంద రూపాయలకు ఒకటి అని కేక వేసే చోట మౌనిక పైజామా కొంది. నీళ్లు చల్లి పిండి చూస్తే రంగు అరచేతికి అంటింది. వాపసు చేయించడానికి నేను నోరు పెద్దది చేయాల్సి వచ్చింది. అమ్మే ఆయన "అమ్మా, నువ్వు రోజు రాకు తల్లీ" అని చేతులు జోడించాడు.

సాయంత్రం హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఒక పిల్లను శ్రావణి పట్టుకుంది. దేవరకొండ పిల్ల. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది.

"గా అద్దాల మేడలకు పోయిన్రా? నేను గూడ మొదట్ల గక్కడనే కట్టి మునిగిన. ఇప్పుడు పోయేది చిన్నది. పైన రేకులు, కింద బేకరీ. వెనక పోయి కూసో, ఎవ్వరేమనరు" అంది.

ఆరింటికి అక్కడికి వెళ్లాం. మౌనిక రానంది, అలిగి మంచం మీదే ఉంది. రేణుకను దానికి తోడు ఉంచాం. మెట్ల మీద చెప్పుల కుప్ప, కింది నుంచి రొట్టె కాలుతున్న వాసన. రేకుల వేడికి ఫ్యాన్లు అరుస్తున్నాయి కానీ గాలి లేదు. వెనక బెంచీ మీద ఇద్దరం ఇరుక్కున్నాం. సార్ చొక్కా నిండా సుద్దపొడి. నన్ను చూసి చెప్పడం ఆపాడు.

"అమ్మా, మీరు గూడ ఎస్సై రాస్తరా?"

పిల్లలంతా వెనక్కి తిరిగి నవ్వారు.

"ముందు నువ్వు సరిగ్గ చెప్తున్నవా లేదా చూడనీ" అన్నాను.

"చూడండి. రేపు గూడ రండి" అని మళ్లీ బోర్డు వైపు తిరిగాడు.

ఏవో శాతాల లెక్కలు. నాకు పాలలో వెన్న శాతం తప్ప ఇంకేమీ తెలియదు. కానీ మనిషి పని చేస్తున్నాడా, చేస్తున్నట్టు కనిపిస్తున్నాడా అన్నది తెలుసుకోవడానికి లెక్కలు రానక్కర్లేదు. కిటికీ పక్క పిల్ల ఒకటి అర్థం కాలేదంది. మళ్లీ చెప్పాడు. మళ్లీ అర్థం కాలేదంది. ఆ పిల్లనే బోర్డు దగ్గరికి పిలిచి, సుద్దముక్క చేతికిచ్చి, తప్పు ఎక్కడ చేస్తోందో తనే కనుక్కునేదాకా పక్కన నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఫోన్ తీయలేదు. ఉక్కకు నా జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. శ్రావణి తలెత్తకుండా రాసుకుంది.

హాస్టల్‌కు వచ్చాక భోజనం. అన్నం ముద్ద, పప్పు పలచన, సాంబారులో కంచం అడుగు కనిపిస్తోంది.

"ఇది సాంబారా, గిన్నె కడిగిన నీళ్లా?" అన్నాను.

"మీరిచ్చే రెండొందల యాభైకి గుత్తొంకాయ పెట్టమంటారేంటండీ?" అంది తెనాలి ఆమె.

"గుత్తొంకాయ ఎందుకు, ఇందుల ఒక్క మునక్కాయ ఎయ్."

"వేశానండీ. మీ వంతు వచ్చేసరికి అయిపోయింది."

ఆమెకు సిగ్గు లేదు, నాకూ లేదు. అందువల్ల మాకు మాటలు బాగానే కలిశాయి. తొమ్మిదికి ఆమె గేటు వేస్తూ తలలు లెక్కపెట్టుకుంది. ఒక పిల్ల తగ్గింది. వెంటనే ఆ పిల్ల తండ్రికే ఫోన్ చేసింది. గల్లీ మలుపులో పానీపూరీ తింటున్న ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి "మా నాన్నకెందుకు చెప్పిన్రాంటీ" అని ఏడ్చినంత పని చేసింది. "నాకెందుకమ్మా, మీ నాన్నకి నువ్వే చెప్పుకో" అని ఫోన్ చేతికిచ్చింది. సాంబారు సంగతి వేరు, తాళం సంగతి వేరు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి మళ్లీ ఆ రేకుల గదికే వెళ్లాం, శ్రావణి, నేను. ఈసారి వేరే సార్. చట్టాల పాఠమట. పిల్లలంతా వచ్చి చాలాసేపు కూర్చున్నాక ఆయన టీ గ్లాసుతో వచ్చాడు. పుస్తకం తెరిచి చదువుకుంటూ పోయాడు. మధ్యలో ఫోన్ మోగితే బయటికి వెళ్లి, నవ్వుకుంటూ తిరిగొచ్చి, ఎక్కడ ఆపానని పిల్లలను అడిగాడు. ముందు వరుసలో ఒకడు పేజీ చెప్పాడు. ఆ చదవడం నేనూ చదవగలను, కూడబలుక్కుని అయినా.

బయటికి వచ్చాక శ్రావణి చెప్పుల కుప్పలో తన చెప్పులు వెతుక్కుంటూ, నా మొహం చూడకుండా అంది. "నాయనమ్మా, ఈయన బాగ చెప్పలే."

బాగుందని చెప్పి ఉండొచ్చు. చట్టాల పాఠం నాకేం తెలుసని నమ్మించి ఉండొచ్చు. దాని జీవితమంతా నా ఒక్క మాట మీద వేలాడుతోందని దానికి తెలుసు. అయినా బాగాలేనిదాన్ని బాగాలేదనే అంది. నేను "ఊఁ" అని మెట్లు దిగాను.

తర్వాత నలుగురం సిటీ బస్సులో, అదీ టికెట్ లేకుండానే, ట్యాంక్‌బండ్‌కు వెళ్లాం. మౌనిక అలక బిర్యానీ పేరు చెబితే తీరింది. అంత నీళ్లున్నాయి, ఒక్క బర్రె కూడా తాగదు. ఆ వాసనకు ముక్కు మూసుకునే పిల్లలు మళ్లీ ఆ నీళ్ల ముందే నిలబడి ఫొటోలు దిగారు. తిరిగొచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక చోట బిర్యానీ చెప్పారు. రెండు ప్లేట్లు నలుగురికి సరిపోతాయి, అంత పెడతారు. ముక్కలు వెతుక్కోవాలి. నేను నా రొట్టె, తొక్కు బయటపెట్టాను. హోటల్ అతను "బయటి తిండి తినొద్దమ్మా" అన్నాడు. "ఇది బయటిది కాదు, ఇంట్లది" అన్నాను. అతను నీళ్లు తెచ్చిపెట్టాడు. కాసేపటికి మౌనిక, ఎవరూ చూడట్లేదనుకుని, నా డబ్బాలోంచి తొక్కు తీసుకుని బిర్యానీలో కలుపుకుంది. పట్నం తిండికి రుచి అట్లా వచ్చింది.

నాలుగింటికి హాస్టల్ ఖాళీ చేసి సిటీ బస్సులో ఎల్‌బీ నగర్ చేరాం. మెట్రో మాటెత్తిన మౌనికను ఒక్క చూపు చూశాను. మళ్లీ అదే దుమ్ము, అవే కేకలు, "సూర్యాపేట, సూర్యాపేట" అంటూ అదే మనిషి. నన్ను గుర్తుపట్టి "ఇప్పుడన్న ఎక్కుతవా పెద్దమ్మా?" అన్నాడు. నీకిచ్చే డబ్బులుంటే బర్రెకు తవుడు కొంటానన్నాను.

శ్రావణి మూట పట్టుకుని నిలబడింది. పొద్దుటి నుంచీ నన్ను ఏమీ అడగలేదు. ఏమంటావు నాయనమ్మా అని కూడా అడగలేదు. మన ఊరి వైపు బస్సు వస్తుందేమోనని రోడ్డు చూస్తోంది, రాకూడదని చూసినట్టే ఉంది ఆ చూపు. బేరం తేలేదాకా అమ్మేవాళ్ల ముందు మాట్లాడవద్దని దానికి నేర్పింది నేనే. ఇప్పుడు నా ముందే నోరు కుట్టేసుకుంది.

మన బస్సు ఫ్లైఓవర్ కింద మలుపు తిరిగి వచ్చింది. మౌనిక, రేణుక బోర్డు చదివి మరీ పరుగెత్తారు. అంతవరకైనా నేర్చుకున్నారు.

నేను శ్రావణిని ఆపి అడిగాను. "మూడో పూట ఎప్పుడు?"

అది నావైపు తిరిగింది.

"ఇయ్యాల సాయంత్రం క్లాసు లేదు. రేపు పొద్దున్న ఏడింటికి. మల్ల గా చట్టాల సారే."

"రోజు గట్లనే చెప్తడా, నిన్న రాత్రి నిద్ర లేక చెప్పిండా, చూడాలె గదా."

"కాలేజీ పోతది నాయనమ్మా. రేపు సోమవారం."

"ఒక్కరోజు పోతే కాలేజీ ఏడ్వదు తియ్. ఆ హాస్టలామెకు ఫోన్ కలుపు."

తెనాలి ఆమె ఎత్తింది. దీన్ని ఇంకొక్క రాత్రి ఉంచుకోమన్నాను.

"ఒక్కదాన్నే వదిలేస్తున్నారేంటి మామ్మగారూ?"

"నీ గేటున్నది గదా."

"ఉందండీ. తొమ్మిదైతే తియ్యనని మీ మనవరాలికి గట్టిగా చెప్పండి."

"నేనే చెప్పి పంపుతున్న. సాంబారు మాత్రం జర చిక్కగ పెట్టు."

"మీరు తినరుగా, మీకెందుకండీ!" అని పెట్టేసింది.

మిగిలిన రొట్టెలు, తొక్కు డబ్బా, నా దుప్పటి శ్రావణి చేతికిచ్చాను. తలగడ దులిపి వేసుకో అన్నాను. ఆ రేకుల గదిలో వెనక కూర్చోకు, ముందు కూర్చో, ఆయన పుస్తకం చూసి చదువుతుంటే మధ్యలో లేచి ప్రశ్న అడుగు, ఏం చెప్తాడో చూడు అన్నాను. అది తలూపుతూనే ఉంది. కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే అది ఇంకా అక్కడే, చంకలో దుప్పటి, చేతిలో డబ్బా, సూర్యాపేట మనిషి పక్కన నిలబడి ఉంది. వాడు దాని మూట లాగబోతున్నాడు. అది ఏదో అంది. వాడు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఎంతమంది అవ్వా?" అన్నాడు కండక్టర్.

"ముగ్గురం" అన్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే. పట్నంలో చూడాల్సినంత ఏమీ లేదు. రోడ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, మనుషులు కూడా అట్లాగే ఉన్నారు. ఊరికే ఇస్తామన్న ప్రతిదాని వెనకా ఒక చిన్న గది, అందులో ఒక కాగితం ఉంటుంది. సద్ది కట్టుకుని వెళ్లండి, అసలు ఆధార్ సంచి పైజేబులో పెట్టుకోండి, మెరిసేచోట కూర్చుంటే కూర్చోండి గానీ సంతకం పెట్టకండి. ఇంతకు మించి దిల్‌సుఖ్‌నగర్ గురించి చెప్పడానికి నా దగ్గర మంచిమాట లేదు.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఆ సింహాల గేట్లు దాటుతుండగా సత్తయ్య ఫోన్ చేశాడు. రేణుక నా చెవి దగ్గర పెట్టింది.

"యాడున్నరు అమ్మా? ఎట్లున్నది పట్నం?"

"ఏం బాగలేదు. మంచాలు ఇరుకు, సాంబారు నీళ్లు. ఒక సార్ మంచిగ చెప్తడు, ఒక సార్ ఫోన్ మాట్లాడ్తడు."

"నేననలే? పోనీ తియ్. పాల కేంద్రమోళ్లకు రేపే చెప్త. బిడ్డకియ్యి ఫోను."

"అది రాలే. రేపు పొద్దున్న క్లాసు చూసి ఒస్తది. మూడో పూట."

ఫోన్లో మా కొట్టంలో బర్రె అరుస్తున్నది వినిపిస్తోంది. వాడూ చిన్నప్పుడు నా వెంట ఎన్నో బేరాలకు వచ్చినవాడే.

"అమ్మా" అన్నాడు మెల్లగా, "అయితే కొన్నట్టేనా?"

"పొద్దు గూకుతున్నది. ముందు గా బర్రెకు నీళ్లు పెట్టు పో" అన్నాను.